కుందేలు ఏ వైపు

"ఎడమ కన్ను కాస్త కిందికి జారింది," అన్నాడు డార్సీ వాకీటాకీలో. "అది గుడ్లగూబ చూపులా లేదు. మా బావమరిది మూడో బీరు తర్వాత చూసే చూపులా ఉంది."

డార్సీ పోల్నర్ రైలు పట్టాలకు ఇవతల, టోపీ కళ్ల మీదికి లాక్కుని, మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. పట్టాలకు అవతల వెరింబా ఊరి సైలోలు, అంటే ఒకప్పుడు చుట్టుపక్కల పొలాల గోధుమంతా నింపిన కాంక్రీటు గొట్టాలు, ఆకాశాన్ని అడ్డగిస్తూ నిలబడి ఉన్నాయి. వాటిలో మొదటిదాని మీద తెల్ల గుడ్లగూబ సగం పుట్టి ఉంది. దాని కంటి దగ్గర, లిఫ్టు పొడుగాటి ఇనుప చేయి చివర వేలాడే బుట్టలో, టాంసిన్ నిలబడి ఉంది. ఆమె హోబార్ట్ నగరం నుంచి వచ్చిన చిత్రకారిణి. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు.

అంత పెద్ద బొమ్మ వేసే మనిషికి తను వేసేది కనపడదు. ముక్కుకు ఆనేంత దగ్గర్లో గోడ ఉంటుంది, అంతే. అందుకే దూరంగా ఒకరిని కూర్చోబెట్టి, ఎక్కడ వంకర పోయిందో చెప్పించుకుంటారు. ఊరివాళ్లు ఆ పనికి డార్సీని పెట్టారు. తప్పులు పట్టడంలో అతన్ని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరన్నారు. వాళ్లు అది మెచ్చుకోలుగా అనలేదు గానీ, అతను మాత్రం అలాగే తీసుకున్నాడు. పొలం కొడుక్కి అప్పజెప్పాక, తిట్టడానికి పొద్దున్నే ఎవరో ఒకరు దొరకడం అతనికి హాయిగానే ఉంది.

"వినపడిందా? ఎడమ కన్ను."

"డార్సీ." ఆమె గొంతు సగానికి పడిపోయింది. "గట్టిగా మాట్లాడకు. బుట్టలో పాముంది."

"పెయింటు వాసన తలకెక్కిందా?"

"ఎగతాళి కాదు. నేల మీద పరిచిన గుడ్డ మడతల్లోంచి బయటికొచ్చింది. ఇందాకట్నుంచీ మేమిద్దరం ఒకరినొకరం చూసుకుంటున్నాం."

డార్సీ లేచి నిలబడ్డాడు. నిన్న సాయంత్రం పని అయ్యాక బుట్టను నేలకు దించి పెట్టించింది తనే. సైలో నీడన, ఒలికిపోయిన బార్లీ గుట్ట పక్కన. ఎండ తగలకుండా ఉంటుందన్నాడు. ఈ ఏడు ఎలుకలు ఊరి మీద పడి దుప్పట్లు కూడా కొరికాయి. బార్లీ ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట ఏముంటుందో వెరింబాలో నడక నేర్చిన పసిపిల్లకైనా తెలుసు. అతనికి తెలియక కాదు. నీడ చూశాడు, బార్లీని చూడలేదు.

"ఎలా ఉందో చెప్పు," అన్నాడు.

"వీపు ఎండుగడ్డి రంగు. తోక దగ్గరికి పోయేకొద్దీ ముదురు." ఆమె ఒక్కో మాటా జాగ్రత్తగా పేర్చుతోంది. "పొట్ట మీగడ రంగు. దాని మీద నారింజ మచ్చలు, కుంచె విదిలిస్తే పడ్డట్టు. తల సన్నం. మెడకన్నా వెడల్పేం లేదు. కంటి చుట్టూ లేత అంచు."

ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"బ్రౌన్ పామేనా?" అంది ఆమె.

అక్కడి పాముల్లో ప్రాణం తీసే జాతి అది. అబద్ధం చెప్పాలని డార్సీకి చాలా అనిపించింది. "బ్రౌనే. కదలకు. రెప్ప కొట్టుకో, ఊపిరి పీల్చుకో, అంతకుమించి ఏమీ చెయ్యకు."

"నీ సలహా లేకపోయినా అదే చేస్తున్నా."

"పెడల్ తొక్కి కిందికి రాలేవా?"

"అది చుట్టుకుంది పెడల్ మీదే. దానికీ నా బూటుకీ మధ్య జానెడుంది."

బుట్టలో ఎన్ని మీటలున్నా, నేల మీది పెడల్ తొక్కి పట్టుకుంటేనే అవి పనిచేస్తాయి. పొరపాటున చెయ్యి తగిలి బుట్ట కదలకుండా చేసిన ఏర్పాటు అది. ఆమె నడుముకున్న పట్టీ తాడు బుట్ట కడ్డీకి కట్టి ఉంది. పొట్టి నిక్కరు, మడమలు దాటని మేజోళ్లు, మధ్యలో బోసి పిక్కలు. పొడుగు మేజోళ్లు వేసుకోమని వారం నుంచీ పోరుతున్నాడు. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

పట్టాలు దాటుతూ ఫోన్‌లో అత్యవసర నంబరు కలిపాడు. ఊళ్లో సాయానికి పిలవడానికి ఒక్క మనిషి లేడు. పక్కూళ్లో క్రికెట్ ఫైనల్, బేకరీ కూడా మూసేసి పోయారు.

"ఎవరినైనా కరిచిందా?" అనడిగింది అవతలి అమ్మాయి.

"ఇంకా లేదు."

"పాములు పట్టే ఆయన రెండు గంటల దూరంలో ఉన్నాడు. పంపిస్తాను. అంబులెన్సు మటుకు, కాటు పడకుండా..."

"కాటు పడ్డాక పంపిస్తే మీకు తృప్తిగా ఉంటుందా? ఇప్పుడే పంపు తల్లీ. అంబులెన్సువాళ్లు కూడా ఆ క్రికెట్ మైదానంలోనే బంతి ఏరుకుంటుంటారు, అరిచి పిలువు."

రెండు గంటలు ఆగే వీల్లేదు. మధ్యాహ్నం దాటితే ఉత్తరపు గాలి మొదలవుతుంది, ఆ గాలికి బుట్ట ఊగుతుంది. ఇప్పటికే డబ్బాలు ఒకదానికొకటి తగిలి టింగుమంటున్నాయి. చప్పుడు వచ్చినప్పుడల్లా పాము తల లేపుతోందని ఆమె చెప్పింది. తన కుడి కాలు వణకడం మొదలైందని కూడా చెప్పింది.

"నిన్ను కిందినుంచి దించుతాను," అన్నాడు డార్సీ.

"నువ్వా?"

ఆమె అలా అనడంలో అన్యాయమేమీ లేదు. లిఫ్టు అడుగుభాగంలో కూడా మీటలుంటాయి. మొదటిరోజు డార్సీ మనుషులు లేని బుట్టను ఎలా దించాలో చూపిస్తానని మీట నొక్కితే, అది ఒక్క కుదుపుతో ఊగి, పెయింటు డబ్బాలన్నీ పట్టాల మీద పడ్డాయి. డార్సీ మళ్లీ దాని మీద చెయ్యి వేయకూడదని ఊరి కమిటీ తీర్మానించింది. ఆ కుదుపుకు కారణం వేగాన్ని పెంచే, తగ్గించే గుండీ. దాన్ని ఒకవైపు చివరికి తిప్పితే బుట్ట దూకుతుంది. రెండోవైపు తిప్పితే తేనె కారినట్టు దిగుతుంది. ఏ వైపు ఏదో తెలియడానికి గుండీకి అటూ ఇటూ చిన్న బొమ్మలుంటాయి. ఒకవైపు కుందేలు, ఒకవైపు తాబేలు.

డార్సీ తాళంచెవి తిప్పి, రేకు తలుపు తెరిచి, గుండీ వైపు చూశాడు.

బొమ్మలు లేవు.

గుండీకి రెండువైపులా పసుపు రేకు అద్దంలా మెరుస్తోంది. మెరవక చస్తుందా, రుద్దింది తనే. పోయిన వారం పెయింటు చుక్కలు పడి అసహ్యంగా ఉందని, రంగు కరిగించే థిన్నర్‌లో గుడ్డ ముంచి తోమాడు. జీవితమంతా ట్రాక్టరుకు దుమ్ము అంటనివ్వని మనిషి. కుందేలూ తాబేలూ గుడ్డకు అంటుకుని పోతుంటే, ఇదేమన్నా పిల్లల బళ్లో యంత్రమా అని నవ్వుకున్నాడు కూడా.

"డార్సీ, ఏం చేస్తున్నావు?"

"గుండీ చూస్తున్నా."

"ఎంతసేపు చూస్తావు?"

"బొమ్మలు లేవు." డార్సీ రేకు తలుపును పట్టుకున్నాడు. "చెరిపేశాను. థిన్నర్‌తో. ఏది నెమ్మదో తెలియట్లేదు."

ఆ తర్వాత ఆమె అన్న మాట రాస్తే బాగుండదు. డార్సీ తల వంచుకుని విన్నాడు.

అతని చెయ్యి మాత్రం ఎడమకు తిప్పమంటోంది. తను వాడిన ట్రాక్టర్లలో, కోత యంత్రాల్లో, చివరికి వంటింటి పొయ్యిలో కూడా ఎడమకు తిప్పితే తగ్గుతుంది. యాభై ఏళ్ల అలవాటు చేతిది. వేళ్లు అప్పటికే గుండీని పట్టుకుని ఉన్నాయి.

"ఆగు," అంది టాంసిన్. "ఆ కుందేలు నాకు గుర్తుంది."

"ఏ వైపు?"

"వైపు గుర్తులేదు. కుందేలు గుర్తుంది. ఎంత దరిద్రంగా గీశారనుకున్నావు? వెనక కాలు మోకాలు దగ్గర మనిషి కాలులా ముందుకు వంగింది. అది చాలక, ఆ తొడలోంచి ఒక స్క్రూ దిగ్గొట్టారు. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. స్క్రూ ఏ వైపుంది?"

డార్సీ వంగి చూశాడు. చెమట కళ్లలోకి దిగింది. "రెండువైపులా ఉన్నాయి."

గాలి ఒకసారి విసిరింది. పైన డబ్బాలు మోగాయి. ఆమె ఊపిరి బిగబట్టడం వాకీటాకీలో వినిపించింది.

"తల లేపింది," అంది చాలా మెల్లగా. తర్వాత, "కుందేలు స్క్రూ వంకరగా దిగింది, డార్సీ. తల ఒకపక్కకు లేచి ఉంటుంది. దానికి రెండో తోకలా ఉండేది. వేలు పెట్టి చూడు."

బొటనవేలితో కుడివైపు స్క్రూ తడిమాడు. రేకులోకి చదునుగా దిగి ఉంది. ఎడమవైపుది తడిమాడు. గోరుకు తగిలింది.

"ఎడమవైపుది వంకర."

"అయితే కుందేలు ఎడమన. కుడికి తిప్పు."

"టాంసిన్, ఎక్కడైనా ఎడమే నెమ్మది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా."

"దీన్నెవరో విప్పి తలకిందులుగా బిగించి ఉంటారు. అందుకే స్క్రూలు అలా తగలడ్డాయి."

"నీకు గట్టిగా గుర్తుందా?"

"నాకు మనుషుల పేర్లు గుర్తుండవు. పోయినసారి పనిచేసిన ఊరి పేరు గుర్తులేదు. తప్పుగా గీసిన కాలు మటుకు గుర్తుంటుంది. నా కాలు ఇంకెంతోసేపు నిలబడదు. తిప్పు."

డార్సీకి భయం వేసింది. పొలం ఎండి, వానకోసం ఏళ్ల తరబడి చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు. ఇన్నేళ్లలో ఎవరైనా నువ్వు చేసేది తప్పంటే, కాదని నిరూపించడానికి ముందు చేసి చూపించే మనిషి అతను. ఇప్పుడు చేసి చూపించడానికి వీల్లేదు. తప్పయితే ఆ తప్పు ఆమె పిక్క మీద పడుతుంది.

గుండీని కుడికి, చివరిదాకా తిప్పాడు. ఒక చేత్తో బటన్ నొక్కిపట్టి, రెండో చేత్తో మీట కిందికి వంచాడు.

యంత్రం నిట్టూర్చింది. పైన ఏమీ కదిలినట్టు లేదు. డార్సీ గుడ్లగూబ ముక్కును గురిగా పెట్టుకుని చూశాడు. బుట్ట అడుగు ఆ ముక్కును మెల్లగా, మరీ మెల్లగా, కప్పుకుంటూ దిగుతోంది.

"దిగుతున్నావు," అన్నాడు తనలో తనే. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆమె వాకీటాకీ బటన్‌ను నొక్కే ఉంచింది. అలా ఉంచితే అతనికి ఆమె మాట వినపడుతుంది గానీ అతని మాట ఆమెకు చేరదు. ఆమెకు ఆ సంగతి గుర్తుందో, వేళ్లు బిగుసుకుపోయాయో. ఆమె ఊపిరి వింటూ, ఏమీ అనలేక, మీట పట్టుకుని నిలబడ్డాడు.

"చుట్ట విప్పుకుంటోంది," అంది ఆమె. కాసేపాగి, "బూటు మీదికి వచ్చింది."

ఆపాలా? ఆపితే బుట్ట అంతో ఇంతో ఊగుతుంది. ఆపలేదు.

"పిక్కను రాసుకుంటూ పోతోంది. చల్లగా లేదు డార్సీ, వెచ్చగా ఉంది. అమ్మా."

ఆ తర్వాత గాలి చప్పుడు, డబ్బాల చప్పుడు. డార్సీ పళ్లు బిగించి, బుట్ట మోకాలెత్తుకు వచ్చేదాకా మీట వదల్లేదు. వదిలాక వేళ్లు చాపడానికి రాలేదు.

పరుగెత్తకుండా నడుచుకుంటూ, దారిలో పొడుగు చీపురు అందుకుని, బుట్ట దగ్గరికి వెళ్లాడు. టాంసిన్ గోడలా పాలిపోయి ఉంది. పాము మళ్లీ గుడ్డ మడతల్లోకి దూరింది, తోక మాత్రం బయట ఉంది. డార్సీ బుట్ట గేటు కడ్డీ పైకెత్తాడు. చీపురు కర్రతో గుడ్డ అంచును తగిలించి, పడుకున్న బిడ్డ మీంచి దుప్పటి లాగినట్టు లాగాడు. గుడ్డతోపాటు పాము జారి నేల మీద పడింది. ఒక్క క్షణం ఎటు పోవాలో దానికీ తెలియలేదు. తర్వాత డార్సీ కాళ్ల సందులోంచి, గడ్డి పరకలను రాసుకుంటూ, బార్లీ గుట్ట అవతలికి పోయింది. అతను కొయ్యలా నిలబడ్డాడు.

టాంసిన్ తాడు విప్పుకుని దిగింది, దిగీ దిగగానే కూలబడింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది. డార్సీ కూడా అదే చేశాడు.

"కరిచిందా?" అన్నాడు కాస్త తేరుకుని.

ఆమె నవ్వు ఆగింది. "తెలీదు."

అది వెర్రి జవాబు కాదు. బ్రౌన్ పాము పళ్లు చిన్నవి. కాటు పడ్డ సంగతి తెలియక, ఇంటికెళ్లి టీ పెట్టుకుని కుప్పకూలినవాళ్లున్నారు. డార్సీ మోకాళ్ల మీద కూర్చుని ఆమె పిక్కలు చూశాడు. నిండా గుడ్లగూబ రెక్కల రంగులే, మట్టి రంగు, మీగడ రంగు, పసుపు. వాటి మధ్య ఒక గీత ఉంది. డబ్బా అంచు గీరిందో, పాము గీరిందో. తుడిచి చూద్దామంటే వీల్లేదు. చర్మం మీద విషం ఆనవాలు ఉంటే, ఏ మందు ఎక్కించాలో ఆసుపత్రివాళ్లకు తెలిసేది దాన్నిబట్టే.

"కరిచినట్టే అనుకుందాం," అన్నాడు. "పడుకో. వేలు కూడా కదపకు."

లిఫ్టులోని మందుల పెట్టెలో సాగే కట్టు ఒకటే ఉంది. రెండోదాన్ని ఆ మధ్య గొర్రె కాలు విరిగితే తనే పట్టుకుపోయాడు. ఉన్నదాన్ని, విషం పైకి పాకకుండా, గీత ఉన్న కాలికి వేళ్ల నుంచి తొడదాకా బిగించి చుట్టాడు. చీపురు కర్రను కాలి పక్కన పెట్టి, తన బెల్టుతో కదలకుండా కట్టాడు. అయ్యాక పక్కనే కూర్చున్నాడు.

"అంబులెన్సు బయల్దేరే ఉంటుంది. మనవాళ్లు ఆట వదిలి వస్తారా అని అనుమానం గానీ."

"గెలుస్తున్నారా?"

"మనవాళ్లా? ఓడిపోతుంటారు. అందుకే త్వరగా వస్తారు."

తలనొప్పి అప్పుడు మొదలైంది. ఎండ అనుకున్నాడు. తర్వాత కడుపులో తిప్పింది. భయం దిగుతున్నప్పుడు అలాగే ఉంటుందనుకున్నాడు. నోట్లో ఇనుము రుచి తగిలాక, మెల్లగా తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మోకాళ్లదాకా వచ్చే బూడిదరంగు మేజోళ్లు. ఎడమదాని మీద, చీలమండకు కాస్త పైన, చిన్న చుక్క. మేజోడు రెండు వేళ్లతో దించి చూశాడు. బార్లీ ముల్లు గీసినంత సన్నగా రెండు గీతలు.

పాము కాళ్ల సందులోంచి పోయినప్పుడు గడ్డి తగిలిందనుకున్నాడు.

మేజోడు మళ్లీ పైకి లాక్కుని, ఆ కాలును రెండోదాని వెనక్కి మడుచుకున్నాడు. చావంటే భయం లేదని బార్‌లో చాలాసార్లు అన్నాడు. అదంతా ఒట్టి మాటేనని ఇప్పుడు తెలిసింది, చాలా భయంగా ఉంది. అయినా కట్టు ఒకటే. ఆమెకు విషం ఎక్కి ఉంటే, విప్పిన మరుక్షణం అది పైకి పాకుతుంది. బార్లీ పక్కన బుట్ట దింపించింది ఎవరు? ఆమె మాత్రం కాదు.

కదలకుండా కూర్చుంటే చాలు, బండి వచ్చేస్తుంది, అనుకున్నాడు. ఆమెకు అనుమానం రాకూడదని మొదలెట్టాడు. "ఆ ఎడమ కన్ను సంగతి తేల్చాలి. నేను చెప్తూనే ఉన్నా..."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"అరిచీ అరిచీ."

ఆమె తల ఇటు తిప్పి చూస్తోంది. గోడను చూసేటప్పటి చూపు అది, ఎక్కడ ఏ రంగు ఉందో లెక్కపెట్టే చూపు. "నీ మేజోడు మీద ఆ ఎరుపేంటి?"

"పెయింటు."

"నా దగ్గర ఎరుపు లేదు."

"తుప్పయి ఉంటుంది."

"తుప్పు పాకదు డార్సీ. అది పాకుతోంది." ఆమె లేచి కూర్చుంది. "కాలు ఇటు చాపు."

"కదలొద్దన్నానా నిన్ను?"

ఆమె అప్పటికే బెల్టు విప్పేసి, తొడ దగ్గర కట్టు కొస పట్టుకుంది. డార్సీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టు బిగించడానికి వేళ్లలో బలం రాలేదు, అది ఆమెకు కూడా తెలిసిపోయింది.

"కావాలంటే నా చొక్కా చింపి కట్టు," అన్నాడు. "దాన్ని విప్పకు."

"చొక్కా సాగదు, బిగుసుకోదు."

"నిన్ను కరిచి ఉంటే?"

"నన్ను కరిచిందేమో. నిన్ను కరిచింది. నోరు మూసుకుని పడుకో." ఆమె ఏడుస్తూనే విప్పుతోంది. "ఇంతసేపు దాచావు. ముసలి మూర్ఖుడా."

కాలివేళ్ల నుంచి మొదలుపెట్టి అతని కాలికి చుట్టింది. మేజోడు మీదుగానే, బిగువుగా, ఒక వరుస మీద సగం ఇంకో వరుస పడేలా. ఒక్క వరుస తప్పలేదు. డార్సీ చూశాడు గానీ, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆమె బోసి కాలు అతని కళ్ల ముందే ఉంది, ఆ గీతతో సహా. గీత చుట్టూ కందినట్టు అనిపించింది. కళ్లు మసకబారడం వల్లనో ఏమో తేల్చుకోలేకపోయాడు.

దుమ్ము లేపుకుంటూ అంబులెన్సు పట్టాలు దాటింది. ముందు దిగినావిడ ఇంకా తెల్ల క్రికెట్ ప్యాంటులోనే ఉంది, మోకాళ్లకు గడ్డి మరకలు. పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరిని కరిచింది?"

టాంసిన్ డార్సీ వైపు చూపించింది. డార్సీకి నాలుక తిరగలేదు. చెయ్యెత్తి టాంసిన్ కాలి వైపు చూపించాడు. అంబులెన్సు పెట్టెలోంచి తీసిన రెండో కట్టు ఆ కాలికి పడేదాకా ఆ చెయ్యి దించలేదు.